కంపెనీ కథ ఎవరు చెప్పాలి?

1976లో గుజరాత్ పట్టణాల్లో సినిమా హాళ్ల ముందు లారీలు బారులు తీరాయి. వాటిలోంచి దిగినవాళ్లు పాడి రైతులు. పిల్లాజెల్లాతో సహా పల్లెల నుంచి తరలివచ్చింది తమ సొంత సినిమా చూసుకోవడానికి. సొంత సినిమా అనడంలో అతిశయోక్తి ఏమీ లేదు. ఐదు లక్షల మంది రైతులు తలా 2 రూపాయలు వేసుకుంటే పోగైన పది లక్షలతో తీసిన సినిమా అది. నిర్మాతలుగా తెరమీద పడిన పేరు కూడా వాళ్లదే. సినిమా పేరు ‘మంథన్’. తీసిన శ్యామ్ బెనగల్ సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టి, హైదరాబాద్‌లో చదువుకున్న మనవాడు.

ఆ సినిమా వెనక సూటిగా ఒక వ్యాపార అవసరం ఉంది. గుజరాత్‌లోని కైరా జిల్లా రైతులు పాల దళారుల మీద తిరగబడి 1946లో ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. తర్వాతి రోజుల్లో దేశమంతా అమూల్ అని పిలుచుకున్నది దాన్నే. త్రిభువన్‌దాస్ పటేల్ ఊరూరా తిరిగి, ఒక్కో రైతునూ ఒప్పించి కట్టిన సంఘం అది. 1949లో ఆనంద్ ఊళ్లో దిగిన వర్గీస్ కురియన్ ఆయనకు తోడై, దానికి యంత్రాలనూ మార్కెట్‌నూ సమకూర్చారు. 1970లో పాల ఉత్పత్తి పెంచే ఆపరేషన్ ఫ్లడ్ పథకం మొదలయ్యాక అదే పద్ధతిని మిగతా రాష్ట్రాల పల్లెలకు తీసుకెళ్లాల్సి వచ్చింది. అప్పటికే బెనగల్ పాల సంఘాల మీద డాక్యుమెంటరీలు తీసి ఉన్నారు. అవి బాగానే ఉన్నాయి గానీ, వాటిని చూస్తున్నది అప్పటికే సంఘాలను నమ్మినవాళ్లు. నమ్మకం కుదరని రైతు దగ్గరికి వెళ్లాలంటే కథ కావాలని ఆయనకు తోచింది. డబ్బెక్కడిది అన్నప్పుడు, ఒక రోజు పాల డబ్బులో ఒక్కొక్కరు 2 రూపాయలు వదులుకుంటే చాలునన్న ఆలోచన వచ్చింది. రైతులు సరేనన్నారు.

హాళ్లలో ఆడటం అయిపోయాక ఆ సినిమా అసలు పని మొదలుపెట్టింది. కురియన్ దానికి 16 ఎంఎం ప్రింట్లు తీయించి, కొత్తగా సంఘాలు పెట్టాలనుకున్న ఊళ్లకు పంపించారు. ప్రింటు ఒంటరిగా వెళ్లలేదు. పశువైద్యుడు, పాల సాంకేతిక నిపుణుడు ఉన్న బృందాలు వెంట వెళ్లాయి. రాత్రి బొమ్మ చూసిన ఊరికి, తెల్లారేసరికి ప్రశ్నలు అడగడానికి మనుషులు అందుబాటులో ఉన్నారన్నమాట.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆ కథలో గెలుపు పూర్తిగా దక్కదు. కులాల గొడవలు, సర్పంచ్ పెత్తనం, ప్రైవేటు డెయిరీ యజమాని ఎత్తులు అన్నీ ఉంటాయి. సంఘం పెట్టించడానికి వచ్చిన డాక్టర్ రావు చివర్లో ఊరు వదిలి రైలెక్కి వెళ్లిపోతాడు. మిగిలిన పని భోళా లాంటి ఊరివాళ్లే చేసుకోవాలి. ఏ ప్రచార విభాగానికి అప్పజెప్పినా ఆ ముగింపును మార్చేసి, డాక్టరుకు పూలదండ వేయించి ఉండేది. మార్చకపోబట్టే చూసిన రైతుకు అది తన ఊరి కథ అనిపించింది.

దాన్ని నిలబెట్టిన బలం తెర బయట ఉంది. ఆనంద్ పద్ధతిలో పొద్దున పాలు పోస్తే సాయంత్రానికి డబ్బు చేతికొచ్చేది. పాలలో వెన్న ఎంతుందో రైతు కళ్లముందే చూసి ధర కట్టేవారు. ఏ కులంవాళ్లయినా, ముందొచ్చినవాళ్లు వరుసలో ముందు నిలబడేవారు. సినిమా చెప్పిన మాటను రైతు రోజుకు రెండుసార్లు, క్యాను పట్టుకుని వెళ్లిన ప్రతిసారీ, సరిచూసుకోగలిగాడు. వ్యాపారంలో కథకు ఉండాల్సిన అసలు లక్షణం ఇదేనని నా నమ్మకం. చెప్పినదాన్ని వినేవాడు తన పనిలో తాను సరిచూసుకోగలగాలి. అలా కుదరని కథ ఎంత అందంగా ఉన్నా ఎక్కువకాలం నిలవదు.

ఈ మాట ఇప్పుడు చెప్పుకోవాల్సిన అవసరం ఉంది. స్టోరీటెల్లింగ్ అన్నది కంపెనీల్లో ఒక శిక్షణాంశం అయిపోయింది. హైదరాబాద్ హోటళ్లలో రెండు రోజుల వర్క్‌షాపులు జరుగుతున్నాయి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు వ్యవస్థాపకుడి కష్టాల వీడియో చూపిస్తున్నారు. అందులో తప్పేమీ లేదు. వచ్చిన చిక్కల్లా, కథ చెప్పే హక్కు పైవాళ్లకు, వినే బాధ్యత కిందివాళ్లకు అని పంచేసుకోవడం దగ్గరే. ఒక సంస్థను లోపలి నుంచి గట్టిపరిచే కథలు ఎక్కువగా పనిచేసేవాళ్ల నోటి నుంచే వస్తాయి. యాజమాన్యం చేయాల్సిన పని వాటిని వినడం, భద్రపరచడం, వాటికి తగ్గట్టు నడుచుకోవడం.

శ్రీహరికోటలో రెండు ప్రెస్‌మీట్లు

పైవాళ్లు చెప్పదగ్గ కథలు లేవని కాదు. మన గడ్డమీదే, శ్రీహరికోటలో, అలాంటిదొకటి జరిగింది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 రాకెట్ మొదటి ప్రయోగం. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. ప్రయోగానికి ముందు కంప్యూటర్ ఒక లోపం ఉందని హెచ్చరించి లెక్కింపును ఆపేసింది. నిపుణులు పర్వాలేదన్నారు. ముందుకెళ్లాలని కలాం నిర్ణయం తీసుకున్నారు. మొదటి దశ బాగానే నడిచింది. రెండో దశలో నియంత్రణ తప్పి, కొద్ది నిమిషాల్లోనే రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది.

ఆ రోజు విలేకరుల ముందుకు వెళ్లాల్సిన ఘడియ వచ్చింది. ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ కలాంను పక్కన కూర్చోబెట్టుకుని, మాట్లాడే పని తన మీద వేసుకున్నారు. వైఫల్యానికి బాధ్యత తనదేనన్నారు. తన బృందం మీద నమ్మకముందని, మళ్లీ ప్రయత్నించి సాధిస్తారని చెప్పారు. 1980 జులై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఈసారి ధవన్ వెళ్లలేదు. ప్రెస్‌మీట్ మీరు పెట్టండని కలాంను పంపించారు.

ఈ సంగతి మనకు ధవన్ ద్వారా తెలియలేదు. కలాం తన జీవితమంతా, రాష్ట్రపతి అయ్యాక కూడా, ఎక్కడికి వెళ్లినా చెబుతూ వచ్చారు. అందులో తన నిర్ణయం తప్పిన భాగాన్ని ఏనాడూ దాచలేదు. నాయకుడి గొప్పతనం గురించి నాయకుడే చెప్పుకుంటే అది ఉపన్యాసం అవుతుంది. ఆ రోజు ఆయన వెనక నిలబడి బతికిపోయిన మనిషి చెబితే అది సంస్థకు ఆస్తి అవుతుంది. ఈ తేడాను కంపెనీల్లో ఎవరూ పట్టించుకున్నట్టు కనిపించదు. ఛైర్మన్ వీడియో తీయడానికి పెట్టే ఖర్చులో పదో వంతు పెట్టి, ఆయన కింద ఇరవై ఏళ్లు పనిచేసిన స్టోర్స్ గుమస్తాను ఒక గంట మాట్లాడిస్తే ఎంత బాగుంటుంది!

ఒక సంస్థలో వైఫల్యాన్ని ఎలా చెప్పుకుంటారో దాన్నిబట్టి తర్వాత తరం ఎలా పనిచేస్తుందో తేలుతుంది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది. నాలుగేళ్ల తర్వాత చంద్రయాన్-3ని ఎలా తయారుచేశారో చెబుతూ అప్పటి ఛైర్మన్ సోమనాథ్, ఈసారి ఏమేం సవ్యంగా జరగాలన్నదాని బదులు ఏమేం చెడిపోవచ్చు అన్నదాని నుంచి డిజైన్ మొదలుపెట్టామని వివరించారు. చెడిపోయినదాని గురించి గొంతెత్తి మాట్లాడుకునే అలవాటు లేనిచోట అలాంటి డిజైన్ సాధ్యమయ్యేది కాదు. 2023 ఆగస్టు 23న ల్యాండర్ దిగింది.

మాన్యువల్‌లో లేనిది

కథ అనగానే ఉత్సాహం నింపడం, కన్నీళ్లు తెప్పించడం అనుకుంటాం. పనిచేసే చోట కథకు అంతకంటే మొరటైన, అంతకంటే విలువైన ప్రయోజనం ఒకటి ఉంది. అది పని నేర్పుతుంది.

దీన్ని కళ్లతో చూసి రాసిన మనిషి జూలియన్ ఆర్. అమెరికాలో జెరాక్స్ కంపెనీకి పాలో ఆల్టోలో ఒక పరిశోధన కేంద్రం ఉండేది. ఆయన అక్కడ మానవ శాస్త్రవేత్త. తెగల మీదా పల్లెల మీదా చేసే అధ్యయనాన్ని ఆయన ఫొటోకాపీ యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్ల మీద చేశారు. వాళ్లతో పాటు శిక్షణకు కూర్చున్నారు. వాళ్ల వెంట కార్లలో కస్టమర్ల ఆఫీసులకు వెళ్లారు. వాళ్లతో కలిసి భోంచేశారు. 1996లో వచ్చిన ఆయన పుస్తకం పని సంస్కృతి మీద వచ్చిన గొప్ప పుస్తకాల్లో ఒకటిగా నిలిచింది.

కంపెనీ ఉద్దేశంలో టెక్నీషియన్ పని చాలా సులువు. యంత్రం చెడిపోతే అది ఒక కోడ్ చూపిస్తుంది. మాన్యువల్ తెరిస్తే ఆ కోడ్‌కు ఏ పరీక్ష చేయాలో, ఏ విడిభాగం మార్చాలో ఉంటుంది. చదువుకుని చేసుకుపోవడమే. ఆర్ వెళ్లి చూస్తే జరుగుతున్నది వేరు. ఒకచోట కొత్త యంత్రం ఒకటి ఆగి ఆగి నడుస్తోంది. కోడ్ ఒక భాగాన్ని చూపిస్తోంది. దాన్ని మార్చారు. మళ్లీ అదే కోడ్. మాన్యువల్‌లో ఉన్నవన్నీ అయిపోయాయి. అనుభవమున్న నిపుణుణ్ని పిలిపించారు. ఆయనకూ అంతుపట్టలేదు.

అప్పుడు బాగుచేయడానికి వచ్చిన టెక్నీషియనూ, ఆ నిపుణుడూ యంత్రం ముందు నిలబడి కబుర్లలో పడ్డారు. ఫలానా ఆఫీసులో ఇలాగే ఒకటి మొరాయించింది, అప్పుడేం చేశామంటే... అని ఒకరు. అది కాదు, నేను చూసినదాంట్లో ముందు కాగితం మీద మచ్చలు వచ్చేవి... అని ఇంకొకరు. మధ్యమధ్యలో యంత్రాన్ని ఓసారి నడిపి చూడటం, మళ్లీ మాటల్లోకి దిగడం. దాదాపు ఐదు గంటలు ఇదే వరస. బయటి నుంచి చూసే మేనేజర్‌కు అది కాలక్షేపంలాగే కనిపిస్తుంది. కానీ చెప్పుకున్న ప్రతి పాత సంఘటనా ఒక్కో అనుమానాన్ని కొట్టేస్తూ వచ్చింది. చివరికి ఇద్దరూ ఒప్పుకునే కారణం దొరికింది. అసలు లోపం ఒకచోట ఉంటే, యంత్రం ఇంకోచోటును చూపిస్తూ తప్పుదోవ పట్టిస్తోంది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. ఆ ఐదు గంటల పాట్లు కుదించుకుని, రెండు నిమిషాల కథగా మారి, భోజనాల దగ్గర మిగతా టెక్నీషియన్ల చెవిన పడింది. అక్కడి నుంచి అది అందరి సొత్తు. హరికథలో దాసుగారు అసలు కథ ఆపి చెప్పే పిట్టకథ ఎలా మనసులో ఉండిపోతుందో, ఈ టెక్నీషియన్ల చిన్న చిన్న ఉదంతాలూ అలాగే ఉండిపోయేవి. మాన్యువల్‌లో పేజీ నంబరు మర్చిపోతాం. ఫలానావాడు ఫలానా ఆఫీసులో పడ్డ అవస్థ మర్చిపోం.

కంపెనీ ఆ కబుర్ల విలువను గ్రహించింది. టెక్నీషియన్లు తమ కిటుకులను తామే రాసి, తోటివాళ్లే పరిశీలించి ఖరారు చేసే ఏర్పాటు ఒకటి తయారైంది. దాని పేరు యురేకా. 1990ల మధ్యలో ఫ్రాన్స్‌లో మొదలై మిగతా దేశాలకు పాకింది. కిటుకు పంపినవాడి పేరు దాని పక్కనే కనిపించేది. ప్రపంచంలో ఏ మూలనో తనలాంటివాడు తన పేరు చూసి, తన కిటుకుతో యంత్రం నడిపించుకుంటున్నాడన్న తృప్తి వేలమంది చేత రాయించింది. పేరు ఉంచడం అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో మొత్తం ఏర్పాటుకు అదే ప్రాణం. మన ఫ్యాక్టరీల్లో వర్కర్ చెప్పిన ఉపాయం సూపర్‌వైజర్ పేరుతో పైకి వెళ్లడం ఎంత మామూలో పనిచేసినవాళ్లకు తెలుసు. అలా ఒకసారి జరిగితే చాలు, ఆ వర్కర్ మళ్లీ నోరు విప్పడు.

మన దగ్గర దీని అవసరం ఇంకా ఎక్కువ. ఫార్మా, రసాయన పరిశ్రమల్లో తృటిలో తప్పిన ప్రమాదాలు ఎన్నో ఉంటాయి. రియాక్టర్ దగ్గర వాసన తేడాగా వచ్చింది, వాల్వ్ మామూలుకంటే బిగుసుకుంది, ఆపరేటర్ అనుమానపడి ఆపేశాడు. ఏమీ జరగలేదు కాబట్టి రిజిస్టర్‌లోకి ఎక్కదు. షిఫ్టు మారే వేళ తర్వాతి ఆపరేటర్‌తో ఆ రెండు మాటలు అనడానికి తీరిక ఉండాలి, చెబితే మెమో వస్తుందన్న భయం ఉండకూడదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక ఫార్మా కర్మాగారంలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. అలాంటి కబురు విన్న ప్రతిసారీ మిగతా కర్మాగారాల్లో వర్కర్లు తమలో తాము ఏం మాట్లాడుకుంటున్నారో వాళ్ల యాజమాన్యాలు వెళ్లి వినాలి. గోడమీద అంటించిన భద్రతా నినాదం పక్కనే నిలబడి, గొంతు తగ్గించుకుని చెప్పుకునే కథల్లో మనుషుల ప్రాణాలు ఉంటాయి.

కథలు పనినే కాదు, నడతనూ నేర్పుతాయి. ముంబయి తాజ్ హోటల్ మీద 2008 నవంబరు 26 రాత్రి ఉగ్రవాదులు దాడి చేసినప్పుడు సిబ్బంది ప్రవర్తించిన తీరు గురించి చాలా రాశారు. అక్కడ 31 మంది చనిపోతే అందులో 11 మంది ఉద్యోగులే. వెనక దారులు తెలిసి కూడా వాళ్లు పారిపోలేదు. వంటవాళ్లు అడ్డంగా నిలబడి అతిథులను బయటికి పంపారు. టెలిఫోన్ ఆపరేటర్లు బోర్డు వదలలేదు. జనరల్ మేనేజర్ కరంబీర్ కాంగ్ భార్యాబిడ్డలు పైఅంతస్తు మంటల్లో చిక్కుకుని చనిపోయినా, ఆయన పని ఆపలేదు. ఆ రాత్రి అలా చేయమని ఎవరూ ఆదేశించలేదు. తర్వాత హార్వర్డ్ అధ్యాపకులు వెళ్లి పరిశీలిస్తే ఒక సాదా ఏర్పాటు కనిపించింది. ఉద్యోగి చేసిన మంచి పనిని అతిథి గానీ, తోటి ఉద్యోగి గానీ చెబితే, 48 గంటల్లోపు గుర్తించి మెచ్చుకునే పద్ధతి అక్కడ 2001 నుంచే నడుస్తోంది. అంటే ఏడేళ్లపాటు, రోజూ, ఒకరి మంచిపని ఇంకొకరి నోట వినబడుతూ వచ్చింది. ధైర్యానికి కారణం ఇదొక్కటే అనను. మనుషుల పెంపకం, ఎంపిక, పెద్దల నడత అన్నీ ఉంటాయి. కానీ ఇక్కడ మనం ఎలాంటి వాళ్లం అన్న ప్రశ్నకు జవాబు, వాళ్లకు ఆ రాత్రికి ముందే తెలుసు.

ఉక్కు కథ యాజమాన్యానిది కాదు

విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాళ్లను కదిలిస్తే లాభనష్టాలకంటే ముందు 1966 వస్తుంది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని ఊళ్లన్నీ లేచిన సంవత్సరం. అమృతరావు నిరాహార దీక్ష, తెన్నేటి విశ్వనాథం నాయకత్వం, కాల్పులు, 32 మంది ప్రాణాలు. 1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి కర్మాగారం పూర్తయి, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు చేతుల మీదుగా జాతికి అంకితం కావడానికి ఇరవై ఏళ్లు దాటింది. ఈలోపు భూములిచ్చిన పల్లెలు ఖాళీ అయ్యాయి.

ఈ కథను ఏ కన్సల్టెంట్ రాసివ్వలేదు. కోక్ ఓవెన్ల దగ్గర, బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర, టౌన్‌షిప్ క్వార్టర్లలో ఒక తరం ఇంకో తరానికి చెప్పింది. మా నాన్న ఆ ఊరేగింపులో ఉన్నాడనేవాడు ఒకడు, మా భూమి ఈ గోడ లోపలే ఉందనేవాడు ఇంకొకడు. 1990ల్లో సంస్థ నష్టాల్లో కూరుకుపోయినప్పుడూ, తర్వాత కోలుకుని 2010లో నవరత్న హోదా తెచ్చుకున్నప్పుడూ, ఆ మాటే వాళ్లను ఒకచోట పట్టి ఉంచింది. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు, ఉద్యోగులు, నిర్వాసితులు కలిసి రోడ్డెక్కింది కూడా దాన్ని పట్టుకునే. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది.

ప్రైవేటీకరణ మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. ఇక్కడ నేను చెప్పదలచింది ఇంకొకటి. ఉద్యోగులు నమ్మే కథ ఒకసారి పాతుకుపోయాక అది యాజమాన్యానికి కూడా ప్రశ్న వేస్తుంది. ఇన్ని ప్రాణాలు ధారపోసి తెచ్చుకున్నదాన్ని ఇలా చూస్తారా అని నిలదీస్తుంది. సొంత ఇనుప గనులు ఎందుకివ్వలేదని అడుగుతుంది. అందుకే చాలామంది యజమానులకు కిందినుంచి వచ్చే కథలంటే భయం. చెప్పుకోనిస్తే పనితో పాటు హక్కుల గురించి కూడా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వాలి. పనిమీద అంత మమకారమున్న మనుషులు దొరకాలంటే ఆ ప్రశ్నలకు నిలబడక తప్పదు.

నిలబడలేని కథ ఎలా కూలుతుందో కూడా మన హైదరాబాదే చూసింది. సత్యం కంప్యూటర్స్ ఎదుగుదల రెండు దశాబ్దాలపాటు తెలుగు ఇళ్లలో చెప్పుకున్న విజయగాథ. అక్కడ ఉద్యోగం వచ్చిందంటే పెళ్లి సంబంధాలు గుమ్మం ముందుకొచ్చేవి. 2008 సెప్టెంబరులో కార్పొరేట్ పాలన బాగుందంటూ అంతర్జాతీయ పురస్కారం కూడా ఇచ్చారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో ఏడు వేల కోట్ల రూపాయలకు పైబడిన లెక్కల మాయ బయటపడింది. సుమారు యాభై వేల మంది ఉద్యోగులు అప్పటిదాకా గర్వంగా చెప్పుకున్న మాట ఒక్క పూటలో నోట్లోనే ఆగిపోయింది. కానీ ఆ తర్వాతి వారాల్లో వాళ్లలో చాలామంది రోజూ ఆఫీసుకు వెళ్లి, కస్టమర్ల పని ఆగకుండా చూశారు. కేంద్రం నియమించిన కొత్త బోర్డు ఏప్రిల్‌కల్లా కంపెనీని టెక్ మహీంద్రా చేతికి అప్పగించగలిగిందంటే, అప్పగించడానికి నడుస్తున్న కంపెనీ ఒకటి మిగిలి ఉంది కాబట్టే. ఆ ఏడాది మొదటి మూడు నెలల్లో, జీతం వస్తుందో రాదో తెలియని రోజుల్లో, రాత్రి షిఫ్టుల్లో కూర్చుని పనిచేసినవాళ్ల కథను మనం సరిగా రాసుకోనేలేదు. ఛైర్మన్ కథ మీద మాత్రం పుస్తకాలొచ్చాయి.

శాలువా కప్పే రోజు

ఈ మధ్య తెలంగాణలో ఒక బస్ డిపోలో పదవీ విరమణ సభకు వెళ్లాను. వర్క్‌షాప్ ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, సమోసా పొట్లాలు. ముగ్గురు నలుగురు అధికారులు మాట్లాడారు. విధేయత, క్రమశిక్షణ, సేవలు అన్న మాటలు వచ్చాయి. శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టారు. చివర్లో, ఆ రోజు పదవీ విరమణ చేస్తున్న సీనియర్ మెకానిక్‌ను రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆయనకు ఉపన్యాసం చేతకాదు. ఒక బండి గురించి చెప్పడం మొదలుపెట్టారు.

ఏళ్ల కిందట ఒక డ్రైవర్ బ్రేకు మెత్తగా తగులుతోందని రాసిచ్చాడట. డిపోలో చూస్తే అంతా బాగుంది. గాలి ఒత్తిడి సరిగ్గా ఉంది. బండి పంపించారు. మర్నాడు అదే ఫిర్యాదు. మూడోసారి కూడా ఏమీ దొరక్కపోతే డ్రైవర్‌కే పని ఎగ్గొట్టే బుద్ధి పుట్టిందన్నారు. ఈయనకు నిద్ర పట్టలేదు. డిపోలో బండి ఖాళీగా ఉంటుంది, రోడ్డుమీద నిండుగా ఉంటుంది కదా అని తట్టింది. పొద్దున్నే వర్క్‌షాప్‌లో ఉన్నవాళ్లందరినీ, టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లను కూడా పిలిచి ఆ బస్సులో కూర్చోబెట్టి, తాను కిందికి దూరారు. బరువుకు బాడీ దిగగానే గాలి గొట్టం ఒకటి ఛాసిస్‌కు రాసుకుంటోంది. అక్కడ సన్నటి చీలిక. ఖాళీ బండిలో అది మూసుకుపోతోంది.

చెప్పడం అయ్యేసరికి కుర్రమెకానిక్కులు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. వాళ్లలో ఒకడు ఉండబట్టలేక అనేశాడు.

“అన్నా, గిదంత ఇన్నొద్దులు చెప్పకపోతివి!”

“ఎవలడిగిన్రు తమ్మీ?” అన్నారాయన.

ఆ మాట నన్ను వదల్లేదు. ప్రతి ఆఫీసులో, ప్రతి మిల్లులో, ఆస్పత్రి వార్డుల్లో ఇదే జరుగుతోంది. ముప్పై ఏళ్ల పనితనం బయటికొచ్చేది గేటు దాటే రోజున, మైకు ముందు రెండు నిమిషాలు. అదీ అడిగితే.

దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. విరమణకు ఏడాది ముందే ఆ మనిషిని కొత్తవాళ్ల మధ్య కూర్చోబెట్టాలి. నీ విజయాలు చెప్పమని అడిగితే మొహమాటపడతారు. నిన్ను బాగా ఏడిపించిన బండి ఏది, నువ్వు తప్పు చేసి నేర్చుకున్న పని ఏది, పుస్తకంలో ఒకటి రాసి ఉంటే నువ్వు ఇంకొకటి ఎందుకు చేశావు అని అడగాలి. పక్కన ఒక కుర్రాడు ఫోనులో రికార్డు చేయాలి, ఆయన మాటల్లోనే రాసిపెట్టాలి, పేరుతో సహా. భాషను దిద్ది ఆఫీసు తెలుగులోకి మార్చకూడదు. మేనేజర్లు రావచ్చు, కాకపోతే వెనక వరుసలో కూర్చోవాలి. మొదటి రెండుమూడు సార్లు ఎవరూ ఏమీ మాట్లాడరు. తమ మాటను ఎవరిమీదకో ఆయుధంగా వాడటం లేదని తేలాక మాట్లాడతారు. ఎవరైనా తన పొరపాటు చెబితే దానిమీద విచారణ వేయకూడదు. వేశారా, ఆ ఒక్క మెమోతో ఏళ్లపాటు అందరి నోళ్లూ మూతపడతాయి.

ఈ కూడిక టీ విరామంలోనో, డ్యూటీ దిగాకనో పెట్టడం మాత్రం వద్దు. ఇంటికెళ్లే బస్సు తప్పిపోతుందన్న ఆదుర్దాలో ఎవరూ మనసు విప్పి చెప్పరు. పని వేళల్లోనే ఒక గంట ఇవ్వాలి. చెప్పేవాళ్లకూ వినేవాళ్లకూ ఆ గంటను డ్యూటీ కిందే రాయాలి.